దక్షిణ పీఠభూమి రాకతో మారిన ఆసియా

బెంగళూరు లాల్‌బాగ్ తోటలో కెంపేగౌడ గోపురం నిలబడి ఉన్న బండ వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు లేవడం మొదలై గట్టిగా 5 కోట్ల సంవత్సరాలే. ఆదివారం పొద్దున్నే ఆ బండ ఎక్కి కూర్చునేవాళ్లలో మారతహళ్లి నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో వచ్చిన తెలుగువాళ్లు కొందరైనా ఉంటారు. కింద పూలతోట చూసినంత శ్రద్ధగా కాళ్ల కింది రాయిని చూసేవాళ్లు తక్కువ. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి ఫలకం కూడా పెట్టింది. తోటలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ బండనే. ఆసియా ఖండం ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఇలాంటి రాళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

బడిలో ఆసియాను ఐదు భాగాలుగా చెబుతారు. ఉత్తరపు పల్లపు మైదానాలు, మధ్యలో పర్వతాలూ వాటి నడుమ పీఠభూములూ, దక్షిణాన పురాతన పీఠభూములు, పెద్ద నదుల మైదానాలు, తూర్పున దీవుల వరస. ఈ విభజనలో తప్పు లేదు. వచ్చిన చిక్కల్లా ఈ ఐదింటినీ ఒక ఇంట్లో పక్కపక్క గదుల్లా చూపించడంతోనే. ఏది ముందుదో, ఏది దేని వల్ల ఏర్పడిందో పటంలోని రంగులు చెప్పవు. పిల్లలు ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లని, బైకాల్ సరస్సు లోతు 1,642 మీటర్లని, మృత సముద్రపు ఒడ్డు సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉందని కంఠస్థం చేస్తారు. పరీక్ష అయిపోయాక ఆ అంకెలు ఒకదానికొకటి సంబంధం లేకుండా మిగిలిపోతాయి. నిజానికి ఈ ఐదు భాగాల్లో ఒకటి బయటి నుంచి వచ్చింది. అదే మన దక్షిణ పీఠభూమి. మిగిలిన వాటిలో రెండు ప్రధానంగా దాని రాక వల్లే ఇప్పటి రూపం తెచ్చుకున్నాయి.

దక్షిణ భారతం ఒకప్పుడు ఆసియాలో భాగం కాదు. ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే మహాఖండంలో ఉండేది. ఇందుకు తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. సింగరేణి బొగ్గు పొరలు గోండ్వానా కాలానివి. ఆ బొగ్గుగా మారిన అడవుల్లో గ్లోసాప్టెరిస్ అనే మొక్క ప్రధానమైనది. నాలుక ఆకారంలో ఉండే దాని ఆకుల ముద్రలు దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ దొరుకుతాయి. 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరుగు ప్రయాణంలో చనిపోయిన స్కాట్ బృందం దగ్గర దొరికిన రాళ్లలోనూ అవే ఉన్నాయి. గడ్డకట్టే చలిలో, ప్రాణం మీదికి వచ్చినా, సుమారు 16 కిలోల రాళ్లను వాళ్లు వదల్లేదు. కొత్తగూడెం గనిలోని ఆకుముద్రకూ అంటార్కిటికా మంచులో దొరికిన ఆకుముద్రకూ ఉన్న పోలిక, ఆ నేలలు ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి బలమైన ఆధారాల్లో ఒకటి.

సుమారు 13 కోట్ల సంవత్సరాల కిందట భారత భూభాగం అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి విడిపోయింది. మన తూర్పు తీరం అప్పుడు చీలిన అంచే. సుమారు 9 కోట్ల సంవత్సరాల కిందట మడగాస్కర్ విడిపోయింది. పశ్చిమ తీరానికి రూపం రావడం అక్కడే మొదలైంది. ఆ తరువాత ఈ ముక్క ఉత్తరంగా ఏడాదికి సుమారు 15 సెంటీమీటర్ల వేగంతో సాగింది. ఒక భూఫలకానికి, అంటే భూమి పైపొరలో కదిలే పెద్ద పలకకు, అది అసాధారణమైన వేగం. దారిలో, 6.6 కోట్ల సంవత్సరాల కిందట, భూమి చీలికల్లోంచి లావా పొంగి పొర మీద పొరగా పరుచుకుంది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి, బసాల్ట్, మిగిలి ఉంది. మహారాష్ట్రలోని పడమటి కనుమల దగ్గర దాని మందం 2 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు వైపులా, కాటేరు, పంగిడి ప్రాంతాల్లో కూడా అదే కాలపు బసాల్ట్ కనిపిస్తుంది. ఆ లావా దక్కను పడమటి భాగం నుంచి పాత నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. అదే నిజమైతే ప్రపంచంలో తెలిసిన లావా ప్రవాహాల్లో అంత దూరం పారినది మరొకటి లేదు. కంకర కోసం ఆ రాయిని పగలగొడుతున్న క్వారీల దగ్గర ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటైనా ఉంటే బాగుండేది.

సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట ఈ ముక్క ఆసియాను ఢీకొంది. రెండూ ఖండపు నేలలే కాబట్టి, సముద్రపు అడుగు దిగినట్టు సులువుగా ఒకదాని కిందికి మరొకటి దిగలేదు. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. దాని అడుగున పేరుకున్న ఒండ్రు మడతలు పడి పైకి లేచింది. ఎవరెస్ట్ శిఖరం మీద ఉన్నది సముద్రపు సున్నపురాయి. ఇది కథ కాదు, అందులో సముద్రజీవుల అవశేషాలు ఉన్నాయి. సుమారు 2,400 కిలోమీటర్ల హిమాలయం, దాని వెనక సగటున 4,500 మీటర్ల ఎత్తున్న టిబెట్ పీఠభూమి, రెండూ ఈ తాకిడి ఫలితాలే. తాకిడి ఆగలేదు కూడా. భారత ఫలకం ఇప్పటికీ ఏటా 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతోంది. 2015 నేపాల్ భూకంపానికి మూలం ఆ ఒత్తిడే.

ఒత్తిడి హిమాలయం దగ్గర నిలిచిపోలేదు. పామీర్ ముడి దగ్గర హిందూకుష్, కారకోరం, కున్‌లున్, టియాన్‌షాన్ శ్రేణులన్నీ ఒకచోటికి చేరినట్టు పటంలో కనిపిస్తాయి. టియాన్‌షాన్ నిజానికి పాత పర్వతం. అరిగిపోయి పల్లమైన ఆ శ్రేణిని దక్షిణం నుంచి వచ్చిన తోపుడు మళ్లీ లేపింది. ఢీకొన్న అంచుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కొండలు కూడా ఇలా పెరగడాన్ని బట్టి ఆ తాకిడి బలం ఎంతటిదో ఊహించవచ్చు. ఈ గోడల మధ్య చిక్కుకున్న తక్లమకాన్, గోబీ లాంటి చోట్లకు సముద్రపు తేమ అందదు. అందుకే అవి ఎడారులు. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి మన దాకా రాకుండా ఆపేదీ, నైరుతి రుతుపవనాలకు అంత బలం ఇచ్చేదీ ఈ గోడలే. రుతుపవనాల లెక్కలో టిబెట్ వేడి పాత్ర ఎక్కువా, హిమాలయం చలిగాలిని ఆపడం ఎక్కువా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ రెండింటికీ కారణం మాత్రం ఒకటే తాకిడి.

పర్వతం లేచిన రోజు నుంచే అరగడం మొదలవుతుంది. సింధు, గంగ, బ్రహ్మపుత్ర ఆ అరుగుదలను మోసుకొచ్చి పర్వతపాదాల ముందున్న పల్లాన్ని నింపాయి. ఉత్తర భారత మైదానంలో కొన్ని చోట్ల ఒండ్రు కిలోమీటర్ల మందాన ఉంది. అక్కడితోనూ అయిపోలేదు. గంగా బ్రహ్మపుత్రల బురద బంగాళాఖాతం అడుగున సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున, శ్రీలంక దాటి దక్షిణంగా పరుచుకుంది. ప్రపంచంలో సముద్రం అడుగున ఉన్న ఒండ్రు మేటల్లో అదే పెద్దది. తెలుగు, తమిళ తీరాలకు ఎదురుగా లోతు సముద్రంలో ఉన్న నేలలో చాలా భాగం హిమాలయపు మట్టేనన్నమాట. మెరీనా బీచ్‌లో నిలబడి తూర్పుకు చూసేవాళ్లకు అది కనబడదు గానీ, ఖండం సముద్రపు ఒడ్డుతోనే ఆగిపోదని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు.

ఉత్తరాసియా సంగతి వేరు. సైబీరియా కూడా మన పీఠభూమిలాగే పురాతన నేల, కానీ ఆసియాకు అది మొదటి నుంచీ ఇరుసు లాంటి భాగం. ఓబ్, యెనిసీ, లీనా నదులు ఉత్తరంగా ఆర్కిటిక్ సముద్రంలోకి పారతాయి. వసంతంలో వాటి ఎగువ భాగంలో మంచు ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీటికి దారి దొరక్క ఏటా మైదానం మునుగుతుంది. పశ్చిమ సైబీరియా అంతటా అంత పెద్ద చిత్తడి నేలలు ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. ఇక ఐరోపాకూ ఆసియాకూ హద్దు అనే ఉరల్ పర్వతాలు, రెండు పాత ఖండాలు అతుక్కున్న చోటి కుట్టు మాత్రమే. ఆ హద్దు మనుషుల సౌకర్యం కోసం గీసుకున్నది. నేల లెక్కలో దానికి రెండు వైపులా ఉన్నది ఒకే ఖండం.

అరేబియాది మాత్రం మన కథకు తమ్ముడి కథ. అది కూడా గోండ్వానా ముక్కే. ఆఫ్రికా నుంచి చీలుతూ ఎర్రసముద్రాన్ని తెరిచింది. ఇరాన్‌ను నెట్టి జాగ్రోస్ పర్వతాలను లేపింది. ఆ మడతల్లో, వాటి ముందున్న పల్లంలో చమురు నిలిచింది. గల్ఫ్‌కు బతుకుతెరువు కోసం వెళ్లిన కడప, కరీంనగర్ కుటుంబాల చరిత్రలో ఈ భూగర్భ చరిత్రకూ వాటా ఉంది.

తూర్పు దీవుల వరస గురించి పుస్తకాలు అగ్నిపర్వతాలు, భూకంపాలు అని రెండు ముక్కల్లో ముగిస్తాయి. అది తెలుగు నేలకు ఎంత దగ్గరి సంగతో నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం చెబుతుంది. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 సంవత్సరాల కిందట బద్దలైంది. ఆ గుంటలో ఇప్పుడు సుమారు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి జుర్రేరు లోయలో పడింది, వానలకు కొట్టుకొచ్చి మీటర్ల మందాన పేరుకుంది. ఊరివాళ్లకు అది తవ్వి అమ్ముకునే తెల్లమట్టి. ఆ పొరకు కిందా పైనా మనుషులు చేసుకున్న రాతి పనిముట్లు దొరికాయని పరిశోధకులు 2007లో ప్రకటించారు. అంతటి ఉత్పాతం తరువాత కూడా ఇక్కడ మనుషులు బతికి నిలిచారా అనే ప్రశ్నకు ప్రపంచం మొత్తం చూసే కొద్ది చోట్లలో అదొకటి.

ఇక వచ్చిన అతిథి సంగతి. ఢీకొన్న అంచు అంత అల్లకల్లోలమైనా, వెనక ఉన్న పీఠభూమి పెద్దగా మడతలు పడలేదు. కొద్దిగా తూర్పుకు ఒరిగి ఉంది, అంతే. ఆ ఒరుగుడు వల్లే అరేబియా సముద్రానికి ఎంతో దగ్గరలో పుట్టిన గోదావరి, కృష్ణ, కావేరి ద్వీపకల్పం మొత్తం దాటి బంగాళాఖాతంలో కలుస్తాయి. పడమటి కనుమలను పర్వతశ్రేణి అంటారు గానీ, హిమాలయంలాగా మడతపడి లేచినవి కావు. పీఠభూమి విరిగిన అంచు అది. సకలేశపుర నుంచి మంగళూరు వైపు దిగేవాళ్లకు ఈ సంగతి తెలుస్తుంది. తూర్పు నుంచి వెళ్తే ఎక్కుతున్నట్టే ఉండదు, అంచుకు చేరగానే నేల ఒక్కసారి కిందికి దిగిపోతుంది. తూర్పు కనుమలు అలా ఏకధాటిగా లేవు. గోదావరి, కృష్ణ, పెన్న వాటిని ముక్కలు చేశాయి. నల్లమల, వెలికొండ, పాలకొండ, శేషాచలం అని తలా ఒక పేరుతో విడివిడిగా నిలిచాయి. తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే కనుమదారిలో ఒకచోట పాత గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) పొరలు నేరుగా కూర్చుని ఉంటాయి. ఆ రెండింటి వయసుల మధ్య తేడా కోట్లలో కాదు, పదుల కోట్లలో ఉంది. అన్ని సంవత్సరాల పాటు అక్కడ ఏమి పేరుకున్నా మిగలలేదు. అదీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకమే. బస్సు కిటికీలోంచి గోవింద నామం చెబుతూ దాన్ని దాటే లక్షల మందిలో ఎంతమంది దానివైపు చూస్తారో.

బెంగళూరు ఈ పీఠభూమి మీద ఎక్కడుందనేది ముఖ్యం. నగరం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లగా ఉంటుంది. మేలో చెన్నైకీ బెంగళూరుకీ మధ్య కనిపించే తేడాలో ఎక్కువ భాగం ఈ ఎత్తుదే. వారాంతంలో తిరుపతి వైపు బస్సెక్కే తెలుగువాళ్లు ఆ ఎత్తును మెట్లుమెట్లుగా దిగుతారు. కోలారు దగ్గర సుమారు 820 మీటర్లు, పలమనేరు దగ్గర 680 మీటర్లకు అటూఇటూ. అక్కడి నుంచి మొగిలి ఘాట్ దిగగానే చిత్తూరు 350 మీటర్లలోపు. ఘాట్ దిగాక గాలి వేడెక్కడం నిద్రలో ఉన్నవాళ్లకూ తెలుస్తుంది. చెన్నై చేరేసరికి సముద్రమట్టానికి కొద్ది మీటర్లే. అయినా అక్కడా కింద ఉన్నది పాత రాయే. సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం గుట్టల్లోని చార్నకైట్ అనే రాయి కూడా పురాతనమైనదే, భూమి లోతులో మహా వేడిమిలో తయారైనది. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద ఉన్నదీ ఆ జాతి రాయే కావడంతో, థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. చెన్నైలో ఆ పాత రాయి మీద నదులూ సముద్రమూ తెచ్చిన ఇసుక, బంకమట్టి కప్పి ఉన్నాయి. బెంగళూరులో ఆ దుప్పటి లేదు.

ఎత్తుతో పాటు మరో సంగతి ఉంది. నంది కొండల చుట్టూ ఉన్న గుట్టల్లో పెన్న, దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి, పాపాఘ్ని పుడతాయి. ఇన్ని నదులకు పుట్టిల్లైన చోట పెద్ద నది ఒక్కటీ ఉండదు. ఇది వింత కాదు, నదులు పుట్టే మిట్ట కాబట్టే అక్కడ నదిగా పారేంత నీరు చేరదు. పెన్న అక్కడి నుంచి ఉత్తరంగా అనంతపురం వైపు వెళ్లి, గండికోట దగ్గర కొండను కోసి, 597 కిలోమీటర్లు పారి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. పాలారు కుప్పం మీదుగా వెళ్లి చెన్నైకి దక్షిణాన సముద్రం చేరుతుంది. వీటన్నిటికీ వాన తక్కువ. పడమటి కనుమల్లోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిపించిన నైరుతి మేఘం కనుమ దాటేసరికి ఖాళీ అవుతుంది. బెంగళూరుకు వెయ్యి మిల్లీమీటర్లలోపు, అనంతపురానికి 550కి అటూఇటూ. రాయలసీమ కరువును గురించి మాట్లాడేటప్పుడు ప్రభుత్వాల నిర్లక్ష్యం ఎంత నిజమో, 9 కోట్ల సంవత్సరాల కిందట విరిగిన పడమటి అంచు కూడా అంతే నిజం.

బెంగళూరు నగరం మధ్యలో ఉత్తర దక్షిణాలుగా ఒక మిట్ట సాగుతుంది. దానికి పడమట పడ్డ వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతుంది. తూర్పున పడ్డది బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినికి పోయి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. సహజమైన సరస్సులు లేని ఈ నేల మీద వందల చెరువులను గొలుసుకట్టుగా తవ్వుకున్నది ఈ వాలును చదవగలిగిన పాతకాలపు మనుషులే. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మహదేవపుర, బెళ్లందూరు, మారతహళ్లి ప్రాంతాలు ఆ తూర్పు లోయలో ఉన్నాయి. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్ల నుంచి జనాన్ని ట్రాక్టర్ల మీదా పడవల మీదా తరలించాల్సి వచ్చింది. వాన ఎక్కువే, కానీ నీరు వెళ్లింది మాత్రం ఎప్పుడూ వెళ్లే చోటికే. మధ్యలో రాజకాలువలను, అంటే చెరువులను కలిపే పెద్ద వాననీటి కాలువలను, కట్టడాలు ఇరుకు చేశాయి.

అదే ప్రాంతం 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఇందుకూ కారణం రాయే. గంగా మైదానంలో ఒండ్రు రేణువుల మధ్య అంతటా నీరు నిలుస్తుంది. ఇక్కడ గట్టి రాయిలో నీటికి రెండే చోట్లు. పైన శిథిలమైన మొరం పొర, కింద రాతి చీలికలు. మొరం పొర నిల్వ చేస్తుంది, చీలికలు మోస్తాయి. మొరం పొర ఎండితే వెయ్యి అడుగులు దింపినా బోరుకు చీలిక తగిలితేనే నీరు, తగలకపోతే దుమ్మే. పక్క బోరు నీళ్లిస్తుంటే మన బోరు ఎందుకు ఇవ్వదనే ప్రశ్నకు జవాబు అదృష్టంలో లేదు, చీలికలు ఎటు సాగాయన్న దానిలో ఉంది. అనంతపురం, చిత్తూరు రైతులకు ఈ పాఠం అప్పుల రూపంలో ఎప్పుడో అందింది.

అందుకే నగరం కావేరి మీద ఆధారపడింది. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు, మూడు చోట్ల పంపులు పెట్టి నీటిని ఎక్కిస్తున్నారు. మొదటి దశ 1974లో వచ్చింది, ఐదో దశ 2024లో ప్రారంభమైంది. ఇలా పడమటి వాలు నుంచి ఎక్కిన నీటిలో చాలా భాగం వాడకం అయ్యాక తూర్పు వాలుకు దిగుతుంది. మిట్ట విడదీసిన రెండు నదుల నీటిని నగరం గొట్టాలతో కలిపేసింది. 2018 నుంచి తూర్పు వాలులోని కోరమంగల చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీటిని కోలారు జిల్లాలో వందకు పైగా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీరు పైకి వచ్చింది. శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. అయితే శుద్ధి రెండో దశతో ఆగుతోంది, మిగిలిపోయే కాలుష్యాన్ని తీసే మూడో దశ కావాలని అక్కడి రైతు సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. వాళ్ల ఆందోళనకు భూగర్భ శాస్త్రం మద్దతు ఉంది. ఒండ్రు నేలలో నీరు ఇసుక గుండా మెల్లగా వడగట్టుకుంటూ దిగుతుంది. రాతి చీలికల్లో ఆ వడపోత చాలా తక్కువ, చెరువులో ఉన్నది నేరుగా బోరులోకి చేరే వీలుంది. ఒకసారి చీలికల్లో చేరిన భారలోహాలను బయటికి కడిగేసేంత వాన ఆ వానచాటు నేల మీద కురవదు.